జాంబియా ఇసుకలో రెండు వారాలు

2024 అక్టోబర్ 14, సోమవారం

లుసాకాలో తెల్లారకముందే బయలుదేరాం. లాండ్‌క్రూజర్ పికప్ వెనకాల 16 బస్తాల సిమెంటు, గోడ వరసల మధ్య పరిచే బ్రిక్‌ఫోర్స్ వైరు నాలుగు చుట్టలు, దోమల మెష్ ఒక చుట్ట, మేకుల పెట్టె. వాటి సందులో ఇరికించిన నా బ్యాగు. బ్యాగులో అయిదు కిలోల బియ్యం, ఆవకాయ సీసా.

మాది కోనసీమ, రాజోలు దగ్గర. లుసాకాలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో ఆరేళ్లుగా సైట్ ఇంజనీరుగా ఉన్నాను. పడమటి జాంబియాలో ఒక మిషన్ ఆసుపత్రి వాళ్లు గర్భిణుల కోసం వసతి గృహం కట్టుకుంటున్నారు. పని సగంలో ఉండగా వాళ్ల సూపర్‌వైజరు మంచి ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. నవంబరులో వానలు మొదలవుతాయి, ఈలోగా గోడల మీద రింగ్ బీము, అంటే గోడలన్నిటినీ చుట్టి కలిపే కాంక్రీటు దూలం, పడాలి, ఆ పైన కప్పు ఎక్కాలి, రెండు వారాలు ఎవరినైనా పంపగలరా అని మా ఆఫీసుని అడిగారు. నాకు సెలవులు పేరుకుపోయి ఉన్నాయి. "రెండు వారాలంటే రెండు వారాలే. దీపావళికి ఇంట్లో ఉండాలి" అంది మా ఆవిడ. సరే అన్నాను.

పడమటి ప్రాంతపు ముఖ్య పట్టణం మోంగు దాకా దాదాపు 600 కిలోమీటర్లు. ముంబ్వా దాటాక రోడ్డు కఫూయె నేషనల్ పార్కు మధ్యలోంచి పోతుంది. ఆ పార్కు 22,400 చదరపు కిలోమీటర్లు. మన పాత ఉభయ గోదావరి జిల్లాలు రెండూ అందులో పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. కఫూయె నది మీద హుక్ బ్రిడ్జి దాటి, స్పీడ్ బ్రేకర్ల మీద సిమెంటు బస్తాలు చిరక్కుండా మెల్లగా వెళ్లాం. పొద్దుపోతే ఏనుగులూ, లైట్లు లేకుండా ఆగిపోయిన లారీలూ ఒకేలా కనపడతాయని డ్రైవరు కంగారు. పార్కు దాటే చోట, నిద్ర జబ్బు మోసే ట్సెట్సీ ఈగల చెక్‌పోస్టు. బండి కింద, సీట్ల సందుల్లో ఈగలున్నాయేమో చూసి వదిలారు.

మోంగు చేరేసరికి చీకటి పడింది. ఊరంతా జనరేటర్ల మోత. ఈ దేశంలో కరెంటు ఎక్కువ భాగం నీళ్ల మీదే ఆధారపడింది. పోయిన సీజను వానలు పడలేదు. ఫిబ్రవరి 29న కరువుని జాతీయ విపత్తుగా ప్రకటించారు. కరీబా జలాశయం అడుగంటింది. రోజుకు మూడు గంటలు కరెంటు వస్తే గొప్పే. లుసాకాలో ఇన్వర్టర్ల మధ్య ఉండే నాకు ఇది ఇంతవరకూ వార్తే. మర్నాటి నుంచి అదే నా సైటు షెడ్యూలు అయింది.

అక్టోబర్ 15, మంగళవారం

పొద్దున్న మోంగు అంచున నిలబడి కిందికి చూశాను. బారోట్సే మైదానం. చూపు ఆనినంత మేరా ఎండిన గడ్డి, అక్కడక్కడా పశువుల మందలు. వానాకాలం చివరికొచ్చేసరికి జాంబెజి పొంగి ఇదంతా నీళ్లమయం అవుతుందట. అప్పుడు ఇక్కడి లోజీ ప్రజల రాజు, లిటుంగా అంటారు, మైదానంలోని లియాలుయి నుంచి పెద్ద పడవ మీద గట్టు మీది లిములుంగాకి తరలి వస్తాడు. ఆ పండగని కువోంబోకా అంటారు, నీళ్లలోంచి బయటికి రావడమని అర్థం. మా లంకల్లో వరదొస్తే మేమూ గట్టుకి వచ్చేవాళ్లం. మాకు రాజూ లేడు, డప్పులూ లేవు, పునరావాస కేంద్రంలో పులిహోర పొట్లాలు ఉండేవి.

మోంగులో కొనవలసినవి రాసుకున్న చీటీలో సగమే దొరికాయి. బైండింగ్ వైరు ఉంది. కటింగ్ ప్లేట్లు లేవు, శుక్రవారం వస్తాయన్నారు. అడిగితే మూడు షాపుల్లోనూ అదే శుక్రవారం.

అక్కడి నుంచి తారు రోడ్డు వదిలేశాం. డ్రైవరు దిగి నాలుగు టైర్లలోనూ గాలి సగానికి సగం తీసేశాడు. ఇక మూడు గంటలు ఇసుకే. ఇది కలహారి ఇసుక. ఈ పడమటి ప్రాంతమంతా దాని మీదే ఉంది. తవ్వితే రాయి తగలదు. ఇసుక కోసం కేసులు, కొట్లాటలు చూసి పెరిగినవాణ్ని నేను. ఇక్కడ ఇసుక ఎవరికీ అక్కర్లేదు, కంకర మాత్రం వందల కిలోమీటర్ల నుంచి రావాలి.

ఆసుపత్రి గేటు దగ్గర ఆగగానే వాచ్‌మన్ వంగి, రెండు చేతులూ దోసిలిలా చేసి మెల్లగా చప్పట్లు కొడుతూ "ము లుమెలె" అన్నాడు. ఇక్కడ నమస్కారం అదే. కాంగో నుంచి వచ్చి ఎన్నో ఏళ్లుగా ఇక్కడే ఉన్న డాక్టరు ఆపరేషన్ బట్టల్లోనే బయటికొచ్చి చెయ్యి కలిపాడు. నర్సులందరికీ పెద్ద అయిన మేట్రన్ మాత్రం పికప్‌లోకి తొంగి చూసి, "ఎన్ని బస్తాలు?" అంది. 16 అన్నాను. "14 అని రాసుకోండి. రెండు నాకు కావాలి. లేబర్ వార్డులో నేల పగిలింది." ఆమె నవ్వలేదు. నిజంగానే రెండు దింపించుకుంది.

అక్టోబర్ 16, బుధవారం

ఇలాంటి ఆసుపత్రుల లెక్క కొంచెం చెప్పాలి. నడిపేది చర్చి. జీతాలు ఎక్కువగా ప్రభుత్వం ఇస్తుంది. 2006 నుంచి పల్లెల్లో వైద్యానికి ఫీజులు తీసేశారు కాబట్టి రోగుల దగ్గర రాబడి లేదు. కొత్త గోడ లేవాలంటే ఎక్కడో ఒక దేశంలో ఒక చర్చిలో ఎవరో చందాలు పోగుచెయ్యాలి. ఆ డబ్బు ముక్కలు ముక్కలుగా వస్తుంది. పునాదికి ఒక దాత, గోడలకి ఇంకొక దాత, కప్పుకి మరొకరు. స్టోర్ రూములో చూస్తే రేకులు ఇంకా రాలేదు గానీ దాతల పేర్లు చెక్కిన పాలరాతి ఫలకం మాత్రం ముందే వచ్చేసింది. దుప్పటిలో చుట్టి, తాడు కట్టి, జాగ్రత్తగా గోడకి ఆనించి ఉంది.

వసతి గృహం గోడలు కిటికీల పై మట్టం దాకా లేచి ఉన్నాయి. మేస్త్రి పని బాగుంది. రసమట్టం పెడితే బుడగ నడుమే నిలిచింది. ఆయన్ని అందరూ 'న్దాతే' అంటారు. లోజీలో నాన్న, పెద్దాయన అని. నేనూ అలాగే పిలిచాను. అరవై దాటి ఉంటాడు. ఇంకా నాలుగు వరసల బ్లాకులు పడాలి, తర్వాత బీము.

గొడవ ఆ నాలుగు వరసల దగ్గరే వచ్చింది. బ్లాకులు ఇక్కడే ఆవరణలో అచ్చు పోస్తున్నారు. వరసగా ఆరబెట్టిన వాటిలో అయిదు తీసి నడుమెత్తు నుంచి ఇసుక మీద వదిలాను. మూడు విరిగాయి. ఒకటి బిస్కెట్టులా పొడి అయింది. చుట్టూ నిలబడ్డవాళ్లు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కష్టపడి చేసిన వస్తువుని వచ్చీ రాగానే పగలగొట్టాడు వీడెవడు అని. బస్తాకి ఎన్ని తీస్తున్నారని అడిగితే యాభై అన్నారు. దొంగతనమేమో అని మొదట అనుకున్నాను, తప్పు. బస్తా మిగిలితే మంచిదని వెళ్లిపోయిన సూపర్‌వైజరే చెప్పాడట. అదీకాక నీళ్లు సరిగా పట్టలేదు.

సాయంత్రం పెద్ద చెదపుట్ట ఎక్కితే ఫోను సిగ్నల్ వస్తుందన్నారు. ఎక్కి మా బాబాయికి చేశాను. రాజోలులో నలభై ఏళ్లు తాపీ పని చేసినవాడు.

"ఇసక ఎలాగుందిరా?"

"మైదాపిండిలా ఉంది బాబాయ్. గోదావరి ఇసక గరుకు దీనికి లేదు."

"అరచేతిలో వేసి రుద్దావా? మన్ను అంటిందా?"

"లేదు, శుభ్రంగానే ఉంది. మరీ సన్నం, గుండ్రం."

"అయితే సిమెంటు తెగ తాగుద్దది. యాభై ఏవిట్రా నీ మొహం, ముప్పైకి దిగు. నీళ్లు తడుపు. ఏడ్రోజులు తడపకపోతే నువ్వెంత సిమెంటు పోసినా అది ఇసకే."

ముప్పైకే దిగాం. పాత బ్లాకులు కూర్చునే గట్టు లాంటి వాటికి వాడదామన్నాను. న్దాతే తలూపాడు. ఆయనకి ఇదంతా ముందే తెలుసనీ, అడగనిదే చెప్పడనీ నాకు తర్వాత అర్థమైంది.

ఒక పక్క వడ్రంగి పాకలో ద్వారబంధాలు తయారవుతున్నాయి. చెక్క చూసి ఆగిపోయాను. కోసిన చోట ఎర్రగా జిగురు కారి ఎండింది. దీన్ని ముక్వా అంటారు. మన వేగిసకీ ఎర్రచందనానికీ దగ్గర చుట్టం, ఒకే ప్రజాతి. దీని తోబుట్టువే ముకులా. చైనాకి దొంగ రవాణా మొదలై, అడవులు ఖాళీ అయ్యి, పర్మిట్లూ పట్టుకోవడాలూ. కథంతా విన్నాక శేషాచలం పేరు మార్చి చెప్పినట్టుంది.

అక్టోబర్ 17, గురువారం

ఏడ్రోజులు తడపమని బాబాయ్ తేలిగ్గా అనేశాడు. నీళ్లేవి?

బోరుంది, మోటారుంది, పది వేల లీటర్ల ట్యాంకుంది. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు ట్యాంకు నిండుతుంది. ఆ నీళ్లతోనే ఆపరేషన్ థియేటరు, కాన్పుల గది, లాండ్రీ, నర్సుల ఇళ్లు. పొద్దున్న నేను పైపు వేసి బ్లాకులు తడపడం మొదలుపెట్టిన పావుగంటకి నీళ్లు ఆగిపోయాయి. చూస్తే మేట్రన్ వాల్వు కట్టేసి, దాని పక్కనే నిలబడి ఉంది. "ఇద్దరు నొప్పుల మీద ఉన్నారు. మీ బ్లాకులకి నొప్పులు లేవు కదా." నేను వాదించాను. ఇప్పుడు తడపకపోతే గోడ బలహీనపడుతుంది, రేపు అందులో పడుకునేది మీ గర్భిణులే అన్నాను. "ఆ గోడ పడితే రేపు చూద్దాం. ఇవాళ వీళ్లున్నారు" అంది. ఇద్దరం నిజమే చెప్పాం, వాల్వు తాళం మాత్రం ఆమె దగ్గర ఉంది.

చివరికి ఒప్పందం కుదిరింది. కరెంటు ఉన్నంతసేపూ మోటారు ఆడుతూనే ఉంటుంది కాబట్టి, ట్యాంకు నిండాక పొంగే నీళ్లు నావి. రాత్రి ఒంటిగంటన్నరకి వాచ్‌మన్ వేలాడదీసిన రైలు పట్టా ముక్కని మోగించాడు. కరెంటొచ్చిందని. వేసవిలో మా ఊళ్లో కుళాయి వచ్చినప్పటి హడావుడే. నర్సులు బకెట్లతో పరుగెత్తారు. మూడు దాటాక ట్యాంకు పొంగింది. నిండు పున్నమి. లైటు లేకపోయినా ప్రతి బ్లాకూ కనపడుతోంది. నేనూ, న్దాతే, ఆయన మనవడూ డబ్బాలతో తడుపుతూ పోయాం. అయిదు వందల బ్లాకులు. తెల్లారేసరికి సగం ఆరిపోయాయి. అక్టోబరు ఎండ ఇక్కడ అలాంటిది.

అక్టోబర్ 18, శుక్రవారం

జాతీయ ప్రార్థన దినం, సెలవు. నా షెడ్యూల్లో ఇది లేదు. వచ్చే గురువారం, 24, స్వాతంత్ర్య దినం. అది కూడా లేదు. లుసాకాలో కూర్చుని గీసిన బార్ చార్టుని మడిచి ఆవకాయ సీసా కింద పెట్టాను.

ఖాళీగా ఉండలేక పాత వసతి పాక దగ్గరికి వెళ్లాను. ఇరవై మందికి పైగా గర్భిణులు. మైదానానికి అవతలి ఊళ్ల నుంచి నెల ముందే వచ్చి ఇక్కడే ఉంటారు. నొప్పులు మొదలయ్యాక బయలుదేరితే చేరలేరని. వరద కాలంలో పడవ, ఎండాకాలంలో ఎద్దుల బండి, లేదా నడక. మా లంకల్లో పడవలోనే కాన్పయిన పిల్లల్ని నేనెరుగుదును. మా అమ్మ నన్ను కన్నది కూడా గోదావరి ఒడ్డున ఒక మిషన్ ఆసుపత్రిలోనే, పది రోజుల ముందే వచ్చి ఉందట.

ఒక స్టూడెంటు నర్సు మాట సాయం చేసింది. డ్రాయింగు పరిచి చూపించాను. ఇక్కడ మంచాలు, ఇక్కడ వంటగది, ఇక్కడ ఎలక్ట్రిక్ స్టవ్. స్టవ్ అనగానే నవ్వు మొదలైంది. కరెంటు ఎవరిది, అర్ధరాత్రి ఒంటిగంటకి లేచి వండాలా? మూడు రాళ్లు పెట్టుకునే పాక కావాలి, పైన కప్పు ఉంటే చాలు, చుట్టూ కూర్చోవడానికి గట్టు ఉండాలి. బొమ్మ గీసిన ఆర్కిటెక్టు మంచివాడే అయి ఉంటాడు, ఎవర్నీ అడగలేదంతే. వంటగదిని స్టోరుగా మార్చి, వంట పాక బయటికి తెచ్చాం. దోమతెరలు కట్టడానికి సీలింగు నుంచి కొక్కేలు అడిగారు. రాసుకున్నాను.

చివర్న ఒకామె, నెలలు బాగా నిండినావిడ, డ్రాయింగుని అటూ ఇటూ తిప్పి చూసి ఒక ప్రశ్న వేసింది. "బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలి?"

డ్రాయింగులో లేదు. ఏ డ్రాయింగులోనూ ఉండదు. తర్వాత చూద్దామన్నాను.

అక్టోబర్ 19, శనివారం

కంకర లారీ వచ్చింది. వచ్చింది అంటే ఆసుపత్రికి నాలుగు కిలోమీటర్ల దూరం దాకా వచ్చి ఇరుసు దాకా ఇసుకలో దిగింది. కొమ్మలు వేశాం, టైర్లలో గాలి తీశాం, పికప్‌తో లాగితే పికప్ కూడా దిగింది. మధ్యాహ్నం రెండింటికి లారీ డ్రైవరు విసిగిపోయి, ఇక్కడే దింపేస్తానన్నాడు. రింగ్ బీముకి కావలసిన కంకర మొత్తం రోడ్డు పక్కన కుప్పగా పోసి, తేలికైన లారీతో ఈలవేసుకుంటూ పోయాడు. డెలివరీ చలానా మీద సంతకం మాత్రం అడిగి మరీ పెట్టించుకున్నాడు.

కుప్పకి కాపలా పెట్టాలా అని అడిగాను. రాళ్లు ఎవరెత్తుకుపోతారని డ్రైవరు నవ్వాడు. న్దాతే నవ్వలేదు. ఈ ప్రాంతంలో రాయి అంటే పొయ్యికి మూడు రాళ్లు దొరకడమే కష్టం, పెట్టమన్నాడు.

అక్టోబర్ 20, ఆదివారం

చర్చి. నాలుగు గొంతుల్లో పాట. తర్వాత డాక్టరు గారింట్లో భోజనం, న్షిమా అనే మొక్కజొన్న పిండి ముద్ద, నది చేప. న్షిమాని ఇక్కడ బుహోబె అంటారు. దానితో మాబిసి పెట్టారు, పులిసిన పాలు, గట్టి పెరుగులా ఉంది. ఆవకాయ తెచ్చి నంజుకున్నాను. డాక్టరు రుచి చూసి రెండు గ్లాసుల నీళ్లు తాగాడు.

అక్టోబర్ 21, సోమవారం

కంకర తేవడానికి పికప్‌కి, తర్వాత మిక్సరుకి, నా పేరు మీద 60 లీటర్ల డీజిలు డ్రమ్ము ఉంది. పొద్దున్న వెళ్లి చూస్తే డ్రమ్ము అడుగున రెండు చెంబులుంది. రాత్రి ఒకామెకి కాన్పు తర్వాత రక్తం ఆగలేదు, ఆ గ్రూపు రక్తం ఇక్కడ లేదు, అంబులెన్సు మోంగుకి పరుగెత్తింది. దారిలో పనికొస్తుందని క్యానుల్లో కూడా నింపుకుపోయారు. డ్రమ్ము మీద పెద్దక్షరాలతో 'కన్‌స్ట్రక్షన్' అని నేనే రాయించాను. రాత్రి చీకట్లో ఎవరు చదువుతారు? ఆమె బతికిందా అని అడగడానికి ముందే 'నా డీజిలు' అన్నాను. తర్వాత సిగ్గేసింది. బతికింది.

న్దాతే నాతో ఏమీ అనకుండా ఊళ్లోకి వెళ్లి నాలుగు జతల ఎద్దుల్ని తీసుకొచ్చాడు. వెనకాల బళ్లు ఉన్నాయి గానీ వాటికి చక్రాలు లేవు. వై ఆకారంలో ఉన్న పెద్ద కొమ్మని నరికి, దాని మీద చట్రం కట్టి, ఎద్దులతో ఇసుక మీద ఈడ్పించడమే. చక్రం దిగిపోయే చోట ఇది జారిపోతుంది. నేను లక్షల కొద్దీ పెట్టి కొన్న ఫోర్ వీల్ డ్రైవుల గురించి మాట్లాడేవాణ్ని కాబట్టి కాసేపు నోరు మూసుకుని చూశాను. సాయంత్రానికి సగం కంకర సైటుకి చేరింది.

అక్టోబర్ 22, మంగళవారం

మిగతా సగం కూడా మధ్యాహ్నానికి వచ్చేసింది. నాలుగు వరసలూ పూర్తయ్యాయి, ఒక్కో వరస విడిచి ఒక్కో వరసలో బ్రిక్‌ఫోర్స్ వేసి. బీము ఊచలు కట్టారు. ఇక సెంట్రింగ్. గోడలన్నీ కలిపి 88 మీటర్లు, రెండు పక్కలా పలకలు, అంటే నాలుగు మీటర్ల పలకలు 44 కావాలి. మా దగ్గర 47 ఉన్నాయి. మూడు ఎక్కువే ఉన్నాయని ఈ ఊరొచ్చాక మొదటిసారి హాయిగా టీ తాగాను.

నాలుగింటికి వడ్రంగి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. చేతిలో టోపీ. పిల్లల వార్డులో ఎనిమిదేళ్ల పిల్ల చనిపోయింది. మలేరియా, ఆలస్యంగా తెచ్చారు. వాళ్లది చాలా దూరం ఊరు, రేపు పొద్దున్నే ఎద్దుల బండి మీద తీసుకుపోతారు. ఇక్కడ శవపేటికలు కట్టేది కూడా ఈయనే. పాకలో ముక్వా ఉంది గానీ అది ద్వారబంధాలకి కోసేసిన చెక్క, బరువు, పైగా పచ్చి. ఆరు పలకలు కావాలన్నాడు.

నేను వెంటనే ఇవ్వలేదు. ఇది రాయకుండా వదిలేస్తే బాగుండును గానీ అలాగే జరిగింది. పిల్ల కదా, నాలుగు చాలవా అని అడిగాను. లోపల లెక్క నడుస్తోంది, 47లో మూడు పోతే సరిగ్గా 44. వడ్రంగి చేతులు చాచి కొలత చూపించాడు. పొడవు ఇంత, వెడల్పు ఇంత, మూత. చాలవు. ఆయన గొంతులో కోపం లేదు. పలకల కొలత చెప్పే గొంతే.

ఆరు తీసుకెళ్లాడు. అప్పటికే కాంక్రీటు నూనె పూసినవి రెండున్నాయి. వాటిని వదిలి శుభ్రంగా ఉన్నవి ఏరుకోమని చెప్పాను. నాకు చేతనైంది అదే. రాత్రి చాలాసేపు రంపం చప్పుడు వినపడింది. కరెంటు లేదు, ఎవరో లాంతరు పట్టుకుని నిలబడ్డారు.

అక్టోబర్ 23, బుధవారం

పని లేదు. పొద్దున్నే అందరూ బండి వెంట గేటు దాకా, ఆ తర్వాత ఊరి చివర దాకా నడిచారు. నేనూ నడిచాను. ఆడవాళ్లు పాడుతూనే ఉన్నారు. లుసాకా ఆఫీసుకి రిపోర్టు పంపాలి. ఆలస్యానికి కారణం అన్న గడిలో ఏం రాయాలో తెలియక 'మెటీరియల్ కొరత' అని రాశాను.

అక్టోబర్ 24, గురువారం

జాంబియాకి స్వాతంత్ర్యం వచ్చి ఇవాళ్టికి 60 ఏళ్లు. స్కూలు పిల్లలు జెండాలతో ఆసుపత్రి చుట్టూ తిరిగారు. నేను పలకల కోసం స్టోర్ రూమంతా తిరిగాను.

స్టోర్ వెనక ఒక షెడ్డుంది. దాతలు పంపిన వస్తువులన్నీ అందులో ఉంటాయి. చక్రాలు విరిగిన మంచాలు, ఏ భాషో తెలియని మాన్యువళ్లు, చలికోట్ల సంచి ఒకటి. నడుమ ఒక పెద్ద చెక్క పెట్టె, సీలు కూడా సగమే తీసి ఉంది. లోపల ఏదో లాబొరేటరీ యంత్రం. 110 వోల్టులది. ఇక్కడ సరఫరా 230. ట్రాన్స్‌ఫార్మర్ పంపుతామన్నారట, రాలేదు. పంపినవాళ్ల మనసు మంచిదే, నేను కాదనను. కానీ ఆ కంటైనరు కిరాయితో ఎన్ని బస్తాల సిమెంటు వచ్చేదో నా వేళ్లు వాటంతటవే లెక్కపెట్టాయి.

యంత్రం సంగతి అటుంచితే పెట్టె మాత్రం ఫస్టు క్లాసు చెక్క. అంగుళం మందం, ఎక్కడా వంకర లేదు. మేట్రన్ని అడిగాను. ఈసారి ఆమె వెంటనే తాళం ఇచ్చింది. వడ్రంగి సెలవైనా వచ్చి మేకులు ఊడదీశాడు. పన్నెండు మీటర్లు కావాలి, పద్నాలుగు మీటర్లకి సరిపడా వచ్చింది. ఒక పలక మీద 'ఈ వైపు పైకి' అని బాణం గుర్తుంది. దాన్ని తలకిందులుగా బిగించాం.

అక్టోబర్ 25, శుక్రవారం

తెల్లారి అయిదింటికి మొదలుపెట్టాం, ఎండెక్కకముందే సగమైనా అవ్వాలని. అంబులెన్సు వాళ్లు 20 లీటర్ల డీజిలు తిరిగిచ్చారు. మిక్సరు నడిచింది. తట్టలు చేతులు మారుతూ పరంజా ఎక్కాయి. తొమ్మిదిన్నరకి బేరింగు దగ్గర కిర్రుమంటూ మిక్సరు ఆగిపోయింది. ఇక చేత్తోనే. నేల మీద రేకు పరిచి, మూడుసార్లు పొడిగా, మూడుసార్లు తడిగా కలపడం. కూలీలతో పాటు వార్డుల్లో రోగులకి తోడుండే బంధువులు కొందరు వచ్చి పారలు పట్టుకున్నారు. రోజుకూలి ఇస్తామని ముందే చెప్పాం. సేవ అని పేరు పెట్టి ఊరికే చేయించుకోవడం నాకిష్టం లేదు, ఈ కరువు ఏడు మరీను.

వెనక గోడ మూల దగ్గర గంటకు పైగా ఆగాల్సొచ్చింది, నీళ్ల కోసం. అక్కడ జాయింటు పడింది. నిలువుగా కట్ చేసి, గరుకు చేయించి, సిమెంటు పాలు పోసి మళ్లీ మొదలుపెట్టాం. నా ఫోటోల్లో ఆ మూల ఉండదు. నాకు మాత్రం ఎక్కడుందో తెలుసు.

సాయంత్రం నాలుగుంబావుకి చివరి తట్ట. 22 బస్తాలు పట్టింది. న్దాతే బీము మీద తాపీతో ఆఖరి గీత గీసి, దిగి, చేతులు కడుక్కుని, నా ముందు వంగి రెండు చప్పట్లు కొట్టాడు. "ని ఇతుమెజి" అన్నాడు, కృతజ్ఞతలని. నేనూ కొట్టాను. నా చప్పట్లకి ఆ చప్పుడు రాలేదు. దోసిలి పట్టడం ఇంకా రాలేదు నాకు.

అక్టోబర్ 26, శనివారం

మళ్లీ నీళ్ల పంచాయితీ. బీముని వారం పాటు తడిగా ఉంచాలి. గోనె సంచులు కప్పి తడిపితే తక్కువ నీళ్లతో సరిపోతుంది. గోనె సంచులేవి? ఇప్పుడన్నీ ప్లాస్టిక్ సంచులే. మేట్రన్ లాండ్రీ నుంచి చిరిగిపోయిన దుప్పట్లు, పాత చితెంగే గుడ్డలు ఒక మోపు పంపింది. చితెంగే అంటే ఇక్కడి ఆడవాళ్లు నడుముకి చుట్టుకునే రంగు గుడ్డ. పిల్లని వీపున కట్టుకోవడానికీ అదే, తువ్వాలుకీ అదే. బీము పొడవునా పరిచి తడిపాం. రెండు వారాలుగా బూడిద రంగులో ఉన్న కట్టడం మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. సగం గోడలకే సరిపోయాయి. మిగతా సగానికి మధ్యాహ్నం, సాయంత్రం డబ్బాలతో పొయ్యమని న్దాతే మనవడికి చెప్పాను.

అక్టోబర్ 27, ఆదివారం

కప్పుకి రేకులు లుసాకాలో లారీ ఎక్కాయని మెసేజి. దూలాలు వడ్రంగి చూసుకుంటాడు. ఆకాశంలో తూర్పున మబ్బు కనపడింది గానీ ఇంకా ఉరుము లేదు. మేట్రన్ గేటు దాకా వచ్చింది. రెండు బస్తాల సంగతి మళ్లీ ఎత్తకుండా, లేబర్ వార్డు నేల చూశారా అంది. చూశాను. న్దాతే మనవడు చేశాడట, నున్నగా ఉంది.

అక్టోబర్ 31, గురువారం, లుసాకా

దీపావళి. మా ఆవిడ చెగోడీలు వేయిస్తోంది. న్దాతే మనవడు వాట్సాప్‌లో ఫోటో పంపాడు, చెదపుట్ట ఎక్కి పంపి ఉంటాడు. రేకులు చేరాయి. బీము మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా గుడ్డలున్నాయి, సగానికే సరిపోయినవి నిండుగా ఉన్నాయి. పెద్దది చేసి చూశాను. నేను పరిచినవి కావు. కొత్త చితెంగేలు, గౌన్లు, పసిపిల్లల చొక్కాలు, దుప్పట్లు. ఉతికి, పిండకుండా, నీళ్లు కారుతుండగానే ఆరేశారు. గోడ మీద తడి చారలు కిందికి దిగుతున్నాయి.

డబ్బాలతో ఇంకా పోస్తున్నావా అని అడిగాను.

అవసరం లేదండీ, వాళ్లు రోజూ ఉతుకుతున్నారు, అని జవాబు వచ్చింది.